చెరువు తాళంచెవి ఎవరి చార్జిలో ఉంది?



ఇది కొంచెం పొడుగు రాత. ఓపిక చేసుకుని చదవండి. మేము అంటే, ఊరి చెరువు పనిలో తిరిగిన నలుగురు రిటైర్డు మనుషులం. రాసే చెయ్యి మాత్రం రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన చెయ్యి. చదువంతా తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడుకున్న భాషే గాని, అక్షరాలు నడివయసులో కూడబలుక్కుని నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దండి, కోపం రాదు.

వచ్చే ఆవణి నెలలో మన సంఘం మహాసభ ఉంది. కల్యాణ మండపానికి ఏ.సి. పెట్టించే తీర్మానం అందులో రాబోతోంది. దాని మీద చెయ్యి ఎత్తే ముందు మా మాట కూడా మీ చెవిన పడాలని ఈ రాత.

ముందు ఒక రైలు సంగతి చెప్తాము. 2023 డిసెంబరు 17, ఆదివారం. తూత్తుకుడి జిల్లాలో కురిసిన వాన మీరెవరూ మరిచిపోయి ఉండరు. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో దాదాపు 95 సెంటీమీటర్లు పడింది. మన జిల్లాలో ఏడాది మొత్తానికి పడే సగటు వాన కంటే అది ఎక్కువ. ఆ రాత్రి తిరుచెందూరు నుంచి చెన్నైకి బయలుదేరిన ఎక్స్‌ప్రెస్ శ్రీవైకుంఠం స్టేషన్‌లో ఆగిపోయింది. ముందు లైనులో కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడుతున్నాయి. బండిని కదలనివ్వకుండా స్టేషన్‌లోనే పట్టి ఉంచారు. సుమారు 800 మంది ప్రయాణికులు. చుట్టూ సముద్రంలా నీళ్ళు. పక్క ఊరి జనం తమ దగ్గరున్న బియ్యంతో వండిపెట్టారు. 19వ తేదీకి అందరినీ బయటికి తీసుకొచ్చారు.

అంత చీకట్లో, అంత వానలో బండి ఎందుకు కదలలేదు? అక్కడ డ్యూటీలో ఎవరున్నారో, బండిని ఆపే అధికారం ఎవరిదో, ఎవరికి ఫోను చెయ్యాలో ముందే రాసి ఉంది కాబట్టి. మనిషి తెలివి, ధైర్యం కూడా ఉన్నాయి, కాదనం. కానీ ఆ తెలివి పనిచెయ్యడానికి ఒక కుర్చీ ఉంది, ఒక రిజిస్టరు ఉంది. డ్యూటీ దిగే మనిషి ఎక్కే మనిషికి చార్జి అప్పగించి సంతకం పెట్టే అలవాటు ఉంది.

అదే రాత్రి మా ఊళ్ళో ఏం జరిగిందో ఇప్పుడు చెప్తాము. ఊరి పేరు రాయడం లేదు, తెలిసినవాళ్ళకు తెలుసు. కోవిల్‌పట్టికి తూర్పున, కరిసల్ భూమిలో ఉన్న ఊరు. మేము ఇంట్లో చెరువు అంటాం, బయట కమ్మాయి అంటాం. సాయంత్రానికి నీళ్ళు అలుగు మీదికి వచ్చాయి. అలుగు నిండా సీమతుమ్మ, తమిళంలో వేలిక్కాత్తాన్ అనే ఆ ముళ్ళ చెట్టే. నీళ్ళు పోయే దారి లేదు. కనీసం తూము అయినా ఎత్తుదామని పరుగెత్తాము. షట్టరు తిప్పే ఇనప చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి ఉంది.

తాళంచెవి ఎవరి దగ్గర? పంచాయతీ గుమాస్తాకు ఫోను చేస్తే నీటివనరుల శాఖ లస్కరు దగ్గర ఉంటుందన్నాడు. లస్కరుకు ఫోను చేస్తే చెరువు కమిటీ అధ్యక్షుడి దగ్గర అన్నాడు. అధ్యక్షులవారు కోయంబత్తూరులో కొడుకు ఇంట్లో ఉన్నారు. ఆయన, "అదంతా ప్రాజెక్టువాళ్ళ చేతిలో కదండీ" అన్నారు. ప్రాజెక్టు ముగిసి అప్పటికి ఏడాదిన్నర దాటింది.

రాత్రి రెండు గంటలప్పుడు కట్ట పల్లపు చోట తెగింది. నీళ్ళు పోయింది మన ఇళ్ళ వైపు కాదు. మనం కాలనీ అని పిలిచే వాడ వైపు. 22 ఇళ్ళల్లో నడుములోతు నీళ్ళు. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. మేకలు పోయాయి, విత్తనానికి దాచుకున్న మినుములు పోయాయి, పిల్లల సర్టిఫికెట్లు నానిపోయాయి.

తాళంచెవి దొరికింది. ఎప్పుడు? పొంగల్ అయ్యాక. ఎక్కడ? మన మండపం స్టోరు గదిలో, ఒక రేకు పెట్టెలో. దానికి అట్టముక్క కట్టి, "పెద్ద తూము, తూర్పు వైపు" అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. అదే పెట్టెలో ఒక నోటుపుస్తకం. వాన ఎక్కువైతే ఎవరు ఎవరికి ఫోను చెయ్యాలి, ముందు ఏ వీధిని లేపాలి, ముసలివాళ్ళు ఏయే ఇళ్ళల్లో ఉన్నారు, అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. పెట్టె మీద అప్పగింత కాగితం అంటించి ఉంది. "పెట్టె ఒకటి, తాళంచెవులు మూడు, రిజిస్టర్లు ఆరు, సరిచూసుకుని తీసుకున్నాము" అని. దాని కింద ఉన్న సంతకం మాది.

ముప్పై ఏళ్ళకు పైగా చార్జి కాగితాల మధ్య బతికిన మనిషి చేసిన సంతకం అది. ఆ పెట్టె తెరిచి చూడలేదు. స్టోరు గదిలో పెట్టించి, పందిరి గుంజలు దాని మీద వేయించాము. తూము ఒక్కటి ఎత్తితే కట్ట నిలిచేదని చెప్పలేము, ఆ వాన అలాంటిది. కానీ ఆ నోటుపుస్తకం చేతిలో ఉంటే వాడ జనాన్ని సాయంత్రమే లేపి బడికి పంపించేవాళ్ళం. ఈ మాట మహాసభలో చెప్పడానికి నోరు రాదేమోనని ముందే రాస్తున్నాము.

ఇప్పుడు ఆ గుండ్రటి అక్షరాల అమ్మాయి గురించి చెప్పాలి. వాతావరణ మార్పును తట్టుకునే పనులకని బయటి డబ్బుతో మూడేళ్ళ ప్రాజెక్టు ఒకటి మన వైపు కొన్ని ఊళ్ళకు వచ్చింది. చెక్‌డ్యాములు, పంటకుంటలు, బడి మీద వాన కొలిచే యంత్రం, చెరువు పూడికతీత, చెట్లు. వాటిని సమన్వయం చెయ్యడానికి వచ్చిన అమ్మాయి. ఊళ్ళోనే అద్దె గది తీసుకుని ఉండేది. తెలుగు ఒక్క ముక్క రాదు. మొదట్లో మేము కూడా నవ్వుకున్నాం, కట్టేవాడు కాంట్రాక్టరు, డబ్బిచ్చేవాడు ఎవరో, మధ్యలో ఈ పిల్లకు జీతం దేనికని.

దేనికో తర్వాత తెలిసింది. మన చెరువు ఒక్కటి తీసుకోండి. ఆయకట్టు నూరు ఎకరాలు దాటింది కాబట్టి అది నీటివనరుల శాఖది. దాని పైన ఉన్న చిన్న చెరువు నూరు ఎకరాల లోపు కాబట్టి పంచాయతీ యూనియనుది. గట్టు మీది చెట్లను ముట్టుకోవాలంటే ఇంకొకరి అనుమతి. వండ్రుమట్టి పొలానికి తోలుకోవాలంటే తహసీల్దారు కాగితం. వాగులో ఆక్రమణ తీయాలంటే రెవెన్యూవాళ్ళు, సర్వేయరు. విత్తనం, పంటల బీమా వ్యవసాయ శాఖ. కూలి పని, మనం నూరు రోజుల పని అనేది, బ్లాక్ ఆఫీసు. ఒక చెరువుకు ఆరు తలుపులు. ఏ తలుపు తట్టినా పక్క తలుపు చూపిస్తారు. అబద్ధం చెప్పరు, ఎవరి రూలు వారిది.

ఆ అమ్మాయి నెలకొకసారి ఈ ఆరు తలుపులవాళ్ళను చెరువుగట్టు మీదికి తెచ్చింది. ఆఫీసులో కాదు, గట్టు మీద. ఎవరు ఏ తేదీకి ఏం చేస్తామన్నారో అక్కడే రాసి, అక్కడే చదివి వినిపించేది. వచ్చే నెల అదే పుస్తకం తెరిచి అడిగేది. అంతే ఆవిడ చేసిన పని. ఆ మూడేళ్ళు పురట్టాసికి ముందే వాగు శుభ్రమయ్యేది, అలుగులో ముళ్ళచెట్టు కొట్టేసేవారు, షట్టరుకు గ్రీజు పడేది. ఆవిడ వెళ్ళిపోయిన మొదటి ఏడాదే అన్నీ ఆగిపోయాయి. వాన యంత్రం బ్యాటరీ అయిపోయింది. కొత్త బ్యాటరీకి ఎంత అవుతుందో అడిగినవాళ్ళు కూడా లేరు.

మూడేళ్ళలో కట్టినదంతా లెక్కలో చూపించారు. కూర్చోబెట్టి మాట్లాడించిన పని ఏ లెక్కలోనూ లేదు. అందుకే దాన్ని ఎవరూ కొనసాగించలేదు. వాతావరణానికి తట్టుకునే పని అంటే కాంక్రీటు అని మనం అనుకుంటున్నాం. కాంక్రీటు మా ఊళ్ళో ఇప్పటికీ గట్టిగానే ఉంది. తెగింది మనుషుల మధ్య ఉన్న లంకె.

రైల్వేవాళ్ళం కాబట్టి ఆ భాషలోనే ఇంకొక సంగతి. రెండు స్టేషన్ల మధ్య బండి వెళ్ళాలంటే ముందు స్టేషన్ "లైన్ క్లియర్" ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎంత పెద్ద బండైనా నిలవాల్సిందే. మన చెరువులు కూడా గొలుసుకట్టు. పై చెరువు అలుగు పారితే మనకు నీళ్ళు, మన అలుగు పారితే కింది ఊరికి నీళ్ళు. అదే ప్రాజెక్టులో మన చెరువును పూడికతీత పేరుతో లెక్కకు మించి లోతు చేయించుకున్నాం. మన పలుకుబడితో మనమే అడిగి చేయించుకున్నాం. ఫలితం ఏమిటి? తూము గడప కంటే నేల కిందికి పోయింది. ఆ నీళ్ళు పొలానికి పారవు, ఇంజను పెట్టి తోడుకున్నవాడికే దక్కుతాయి. పైగా వాన తక్కువైన ఏడు మన చెరువు నిండి అలుగు పారేసరికి కార్తీకం దాటిపోయింది. కింది ఊరి మిరప ఎండింది. వాళ్ళు మన మీద కోపంగా ఉన్నారు, న్యాయమే. లైన్ క్లియర్ అడగకుండా బండి నడిపింది మనం.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. తమిళనాట ఇలాంటి చెరువులు 39 వేలకు పైగా ఉన్నాయి. పాతకాలంలో వాటిని నిలబెట్టింది కుడిమరామత్తు, అంటే వాడుకునే జనమే మరమ్మతు చేసుకునే ఆచారం. తెల్లవాళ్ళు 1858లో దాన్ని నిర్బంధ కూలి చట్టంగా మార్చారు. 2017లో ప్రభుత్వం మళ్ళీ అదే పేరుతో పథకం తెచ్చింది, మొదటి విడతలో 100 కోట్లతో 1,519 పనులు. మంచిదే. కానీ పాత కుడిమరామత్తులో ఒక మనిషి ఉండేవాడు. తమిళంలో నీర్‌కట్టి అంటారు, తెలుగుదేశంలో నీరటి అంటారట. తూము తెరిచేది, ఏ మడికి ఎంతసేపో చూసేది, రాత్రిపూట గట్టు మీద తిరిగేది అతనే. పంట వచ్చాక కళ్ళంలో అతని పాలు ముందు కొలిచేవాళ్ళు. చాలా ఊళ్ళల్లో అతను ఆ వాడ మనిషే. మన ఊళ్ళో కూడా అంతే. ఆ ధాన్యం కొలవడం మన తండ్రుల కాలంలో ఆపేశాము. బోర్లు వచ్చాయి కదా, ఇంక నీరటి ఎందుకు అని. ఆ ఇంటి మనుమడు ఇప్పుడు తిరుప్పూరులో బనియను కంపెనీలో ఉన్నాడు.

వాన మారిందన్న సంగతి ఎవరూ మనకు నేర్పక్కర్లేదు. తమిళనాటికి ఏడాది వానలో దాదాపు సగం ఈశాన్య ఋతుపవనంలో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల రావాలి. కరిసల్ రైతు వానకు ముందే పొడి దుక్కిలో విత్తు వేసి ఆకాశం కేసి చూసేవాడు. పురట్టాసిలో ఒక పదును, ఐప్పసిలో రెండు, కార్తీకంలో నింపు. ఇప్పుడు పురట్టాసి ఎండుతుంది, విత్తు చీమల పాలవుతుంది, రెండోసారి విత్తు కొనాలి. ఆపైన మూడు నెలల వాన మూడు రోజుల్లో పడుతుంది. సజ్జ, జొన్న వదిలి మొక్కజొన్నకు మారాం. 2018లో కత్తెర పురుగు వచ్చి దాన్నీ తినేసింది. ఆ అమ్మాయి ఒకసారి మీటింగులో "కాలనిలై మాట్ర తగవమైప్పు" అని తమిళంలో పెద్ద మాట చెప్పి, అర్థమయిందా పాట్టీ అని మా వీధి అవ్వను అడిగింది. అవ్వ మా వైపు తిరిగి, "వాన మాట తప్పితే మనం ఏం చేయాలి అనేనా నాయనా ఆ పిల్ల అడిగేది?" అన్నది. ఆ పిల్లకు తమిళంలో చెప్పాము. తర్వాతి మీటింగు నుంచి ఆ మాటే వాడింది. "వాన మాట తప్పితే" అని, వచ్చీరాని తెలుగులో.

ఈ కరిసల్ నేల కథలు లోకానికి చెప్పిన కి. రాజనారాయణన్‌గారు మన పక్క ఇడైచెవల్ మనిషి. ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. మన పూర్వులు ఇక్కడికి వలస వచ్చి, అడవి కొట్టి, ఊరు కట్టుకున్న కథను ఆయన నవలగా రాశారు. మహాసభలో ప్రతిసారీ ఆయన పేరు చెప్పి చప్పట్లు కొడతాం. వలస వచ్చినవాళ్ళు ఊరు కట్టుకున్నప్పుడు నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో ముందు చూసుకుంటారు. ఆ చూపు మనకు ఇంకా మిగిలిందా అన్నదే మా ప్రశ్న.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదని అనడం లేదు. రాష్ట్రంలో వాతావరణ మార్పు మిషన్ పెట్టారు. ప్రతి జిల్లాకూ ఒక మిషన్, దానికి కలెక్టరుగారు డైరెక్టరు, జిల్లా అటవీ అధికారి వాతావరణ అధికారి. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కానీ కలెక్టరుగారికి ఇంకా ఎన్నో పనులు. జిల్లా నుంచి దిగివచ్చే దారం ఊళ్ళో కట్టడానికి ఒక గుంజ కావాలి. ఆ గుంజ లేక దారం బ్లాక్ ఆఫీసులో ఆగిపోతోంది. రాష్ట్రంలో ఏటా ఆరు గ్రామసభలు జరుగుతాయి. మార్చి 22 నీళ్ళ దినం సభ అందులో ఒకటి. పోయినసారి మన ఊరి సభలో సంతకాలు చాలా ఉన్నాయి, మనుషులు తక్కువ. చెరువు గురించి ఒక్క వాక్యం కూడా తీర్మానంలో లేదు. దానికి ప్రభుత్వాన్ని ఏమనగలం?

తెలుగుదేశం వైపు ఒక అనుభవం ఉంది, అది మనకు పాఠం. అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్ వంటి ఏడు కరువు జిల్లాలలో, 2000 తర్వాతి సంవత్సరాల్లో, రైతులే భూగర్భజలాన్ని కొలిచే పని చేశారు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ సాయం ఉండింది. రోజూ వాన కొలవడం, పదిహేను రోజులకొకసారి బావి నీటిమట్టం కొలిచి గోడ మీద రాయడం, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీళ్ళ బడ్జెట్ వేసుకోవడం. ఉన్న నీళ్ళు ఇంత, ఈ పంటలకు కావలసింది ఇంత, లోటు ఇంత అని. ఫలానా పంట వెయ్యకూడదని ఎవరూ శాసించలేదు. లెక్క చూసి చాలామంది వరి తగ్గించుకున్నారు. చదువు అంతగా లేని ఆడవాళ్ళు కూడా టేపు పట్టి కొలిచారు. మనం డిగ్రీలు చదివినవాళ్ళం, మన చెరువులో ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో అడిగితే "బాగా ఉందండీ" అంటాం.

ఇక కష్టమైన మాట. ఆ ప్రాజెక్టు చెరువు కమిటీలో పదకొండు మంది. తొమ్మిది మంది మనవాళ్ళు. ఎందుకంటే పట్టా మన పేర్ల మీద ఉంది. నిజానికి ఆ పొలాలు దున్నేది ఎవరు? మన పిల్లలు చెన్నై, బెంగుళూరు, అమెరికా వెళ్ళారు. పొలం వారానికో కౌలుకో ఇచ్చాం. దున్నేవాడు కమిటీలో లేడు. చెరువులో చేపలు పట్టేవాడు, గొర్రెలు తోలేవాడు, చెరువు కింద ఇల్లున్నవాడు లేడు. ఆడవాళ్ళు ఇద్దరి పేర్లు రాశారు, సంతకాలు మగవాళ్ళు పెట్టారు. మీటింగులు మన మండపంలో పెట్టేవాళ్ళం. వాడ మనుషులు వచ్చి మెట్ల దగ్గర నిలబడేవారు. లోపలికి రండి అని ఆ అమ్మాయి పిలిస్తే మా ముఖాలు చూసేవారు. మేము పిలవలేదు. నీళ్ళు ఎటు పోతాయో బాగా తెలిసినవాళ్ళు ఆ మెట్ల దగ్గర నిలబడినవాళ్ళే. కట్ట ఆ పల్లంలో బలహీనంగా ఉందని వాళ్ళలో ఒక పెద్దాయన రెండుసార్లు చెప్పాడని ఆ ఆరు రిజిస్టర్లలో ఒకదానిలో రాసి ఉంది. తేదీతో సహా.

మాతో వాదించేవాళ్ళు మూడు మాటలు అంటున్నారు. మూడూ తీసిపారేసేవి కావు.

మొదటిది: "ఇది సర్కారు పని. సంఘం డబ్బు పెట్టడం మొదలుపెడితే సర్కారు చేతులు దులుపుకుంటుంది." ఇందులో నిజం ఉంది. అందుకే సంఘం డబ్బుతో కట్ట పొయ్యమని మేము అడగడం లేదు. మట్టిపని, కాంక్రీటు సర్కారే చెయ్యాలి. మేము అడిగేది, సర్కారును ప్రతి నెలా గుర్తుచేసే ఒక మనిషి జీతం, ఒక పుస్తకం ఖర్చు.

రెండవది: "మన సంఘం మన జనం కోసం. ఊరందరి చెరువుకు మన డబ్బు ఎందుకు?" మన జనం పొలాలు ఆ చెరువు కిందనే ఉన్నాయి. పై ఊరి చెరువు వాళ్ళది, కింది ఊరి చెరువు ఇంకొకళ్ళది. మన ఒక్క చెరువును పట్టుకుని మన జనాన్ని కాపాడగలమా? ఐదు వందల ఏళ్ళుగా ఈ మట్టిలో ఉన్నామని చెప్పుకుంటాం. ఉన్నవాళ్ళకు ఊరి బాధ్యత ఉండాలి. లేకపోతే ఎన్నేళ్ళయినా మనం బిడారం దించినవాళ్ళమే.

మూడవది: "ఊళ్ళో ఇక ఎవరున్నారు? ఇరవై ఏళ్ళలో అంతా ఖాళీ." ఇది అన్నది మా ఇంటివాళ్ళే, అందుకే ఎక్కువ నొప్పి. మన ఇళ్ళు ఖాళీ అవుతున్నాయి, నిజం. ఊరు ఖాళీ కావడం లేదు. వాడలో పిల్లలున్నారు. మన పొలం దున్నేవాళ్ళు ఉన్నారు. మనం వెళ్ళిపోతున్నాం కాబట్టి చార్జి సరిగ్గా అప్పగించడం ఇంకా ముఖ్యం. రిటైరయ్యే రోజున సొరుగు తాళం వేసుకుని ఇంటికి పోయే గుమాస్తాను ఏమంటాం?

కాబట్టి మహాసభ ముందు మేము పెట్టబోయే తీర్మానం ఇది.

ఒకటి. ఏ.సి. ఖర్చులో సగం ఆపి, ఆ డబ్బు బ్యాంకులో వేసి, దాని వడ్డీతో పాటు ఆయకట్టు రైతులు ఎకరానికి ఇంతని ఇచ్చేదానితో ఒక నీరటిని పెట్టాలి. ఎంపిక గ్రామసభ చెయ్యాలి, సంఘం కాదు. ఆ వాడలో చదువుకున్న ఆడపిల్లలు ఉన్నారు. వాళ్ళలో ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటే మాకు సంతోషం.

రెండు. చెరువు చార్జి పుస్తకం. తాళంచెవి ఎవరి దగ్గర, షట్టరుకు గ్రీజు ఎప్పుడు పడింది, అలుగు ఎప్పుడు కొట్టారు, నీళ్ళు ఎన్ని అడుగులు, వాన ఎంత. తాళంచెవులు రెండు జతలు, ఒక జత వాడలో ఉండాలి. చెయ్యి మారినప్పుడల్లా సంతకం. ఆ పుస్తకం పంచాయతీ ఆఫీసులో, ఎవరు అడిగినా చూపించేలా ఉండాలి. మన స్టోరు గదిలో కాదు.

మూడు. పై ఊరు, మన ఊరు, కింది ఊరు, ముగ్గురూ ఆవణిలో ఒకసారి, తై నెలలో ఒకసారి కలవాలి. లోతు చెయ్యాలన్నా, అలుగు ఎత్తు మార్చాలన్నా కింది ఊరి లైన్ క్లియర్ లేకుండా మొదలు పెట్టకూడదు. మొదటి మీటింగుకు కింది ఊరికి మనమే వెళ్ళి మాట్లాడాలి. తప్పు మనది కాబట్టి.

నాలుగు. కమిటీలో కౌలుదారులు, వాడ, గొర్రెలవాళ్ళు, ఆడవాళ్ళు సగానికి తక్కువ కాకుండా ఉండాలి. మీటింగు చెరువుగట్టు మీద. మాటలు తమిళంలో రాయండి, మన అవ్వలకు తెలుగులో చదివి వినిపించండి.

ఇది పెద్ద విప్లవం కాదు. ఒక మనిషి, ఒక పుస్తకం, రెండు జతల తాళంచెవులు. పొరుగు సంఘాలవాళ్ళు, సాత్తూరు, విరుదునగరు, తేని వైపువాళ్ళు కూడా చదువుతారని తెలుసు. మీ ఊళ్ళల్లో కూడా ఏదో ఒక ప్రాజెక్టు వచ్చి పోయి ఉంటుంది. ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. మీ చెరువు తూము తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ముగ్గురిని అడగండి. ముగ్గురూ ఒకే పేరు చెప్తే మీ ఊరికి దండం. మూడు పేర్లు వస్తే పురట్టాసి లోపల సరిచేసుకోండి.

మా ఊరి తాళంచెవి ఇప్పుడు పంచాయతీ ఆఫీసులో మేకుకు వేలాడుతోంది. గుండ్రటి అక్షరాల అట్టముక్క అలాగే ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు వేరే జిల్లాలో పనిచేస్తోంది. కట్ట తెగిన సంగతి తెలిసి ఫోను చేసింది. "పెట్టె తెరిచారా అయ్యా?" అని అడిగింది. లేదమ్మా అన్నాము. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడలో అందరూ బాగున్నారా?" అని మాత్రం అడిగింది.

మహాసభకు తప్పక రండి. ఏ.సి. కావాలన్నవాళ్ళు కూడా రండి, మాట్లాడుకుందాం. ఆ రోజు ఆ రేకు పెట్టెను వేదిక మీద పెడతాము. ఆరు రిజిస్టర్లూ అందులోనే ఉంటాయి. ఎవరైనా తెరిచి చదవవచ్చు.